గోడ మీద బొమ్మ కాదు, గోడలో రాయి: సిసిలీ నుంచి గోవా దాకా బరోక్ కట్టడాలు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రినైజాన్స్ (పాత గ్రీకు, రోమన్ కొలతలను తిరిగి తెచ్చిన ఐరోపా శైలి) అనగానే ఫ్లారెన్స్, బరోక్ (దాని తర్వాత వచ్చిన, వంపులూ అలంకారాలూ నిండిన శైలి) అనగానే రోమ్ గుర్తుకొస్తాయి. ఆ రెండు ఊళ్ల గురించి పుస్తకాలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి ఈ రోజు వాటిని తొందరగా దాటేద్దాం. మనం వెళ్లాల్సింది ఆగ్నేయ సిసిలీకి, ఇటలీ మడమ దగ్గరున్న లెచ్చేకి, ఆ తర్వాత గోవాకి. ఈ చోట్ల చర్చిలు కట్టినవాళ్లది ఒకే మతం. వాళ్లు చూసినవి దాదాపు ఒకే కొలతల పుస్తకాలు. అయినా ఒక ఊరి చర్చికీ ఇంకో ఊరి చర్చికీ పోలిక కనపడదు. ఎందుకని? శైలి అంటే అలంకారం అనుకుని మనం ముందు లతలు, బొమ్మలు చూస్తాం. వాటి కంటే ముందు గోడ లోపల ఏ రాయి ఉందో, దాన్ని ఏ సున్నం పట్టి ఉంచిందో, ఆ నేల ఎంత కంపిస్తుందో, ఆ ఆకాశం ఎంత కురుస్తుందో చూడాలని నా మాట. ప్రాంతీయ శైలి అక్కడే పుడుతుంది.

ముందు ఆ కొలతల పుస్తకం సంగతి చెప్పుకుందాం. విన్యోలా అనే ఇటలీ వాస్తుశిల్పి 1562లో స్తంభాల కొలతలను బొమ్మలతో అచ్చువేశాడు. పద్ధతి చాలా తేలిక. కట్టవలసిన ఎత్తును 19 భాగాలు చేయాలి. అందులో 4 భాగాలు పీఠం, 12 భాగాలు స్తంభం, 3 భాగాలు స్తంభాల మీద ఆనే దూలపు పట్టీ. పీఠం అక్కర్లేదనుకుంటే ఎత్తును 5 భాగాలు చేసి 4 స్తంభానికి, 1 పట్టీకి ఇవ్వాలి. స్తంభం ఎంత లావుండాలన్నది దాని రకాన్ని బట్టి ఉంటుంది. టస్కన్ స్తంభం ఎత్తు దాని అడుగు వ్యాసానికి 7 రెట్లు. డోరిక్ 8 రెట్లు, అయానిక్ 9, కొరింథియన్ 10. మూరకోలతో కొలిచే ఊళ్లోనైనా, మీటరు కోలతో కొలిచే ఊళ్లోనైనా ఇది పనిచేస్తుంది, ఎందుకంటే ఇందులో ఉన్నవి నిష్పత్తులే. అందుకే ఆ పుస్తకం అంత దూరం తిరిగింది. కానీ రాయి ఎంత బరువు మోస్తుంది, అతుకు ఎక్కడ పెట్టాలి, గోడ లోపల ఏం నింపాలి అన్నవి అందులో ఉండవు. ఆ ఖాళీని నింపింది స్థానిక మేస్త్రులు.

ఫ్లారెన్స్ నుంచి ఒక్క ఉదాహరణ. బ్రునెల్లెస్కి అనే వాస్తుశిల్పి 1419లో మొదలుపెట్టిన అనాథ శిశువుల ఆశ్రమంలో గానీ, అతని చర్చిల్లో గానీ తెల్లటి సున్నపు గోడ మీద బూడిదరంగు రాతి కమానులు, అర్ధస్తంభాలు గీత గీసినట్టు కనిపిస్తాయి. ఆ రాయి పియెత్రా సెరేనా, ఊరి పక్క కొండల్లో దొరికే ఇసుకరాయి. సన్నటి అంచులు తీయడానికి బాగా లొంగుతుంది. లోపల శతాబ్దాలు నిలుస్తుంది గానీ బయట వానకీ చలికీ పొరలు పొరలుగా ఊడుతుంది. ఫ్లారెన్స్‌లో ఈ రాతి పని అసలు అందం ఇంటి లోపలే మిగలడానికి ఇది పెద్ద కారణం.

ఇక సిసిలీ.

1693 జనవరి 9న ఒకసారి, 11న మరింత గట్టిగా ఆగ్నేయ సిసిలీలో భూమి కంపించింది. రెండోదాని తీవ్రత సుమారు 7.4 ఉంటుందని ఇప్పటి అంచనా. దాదాపు 60,000 మంది చనిపోయారు. కతానియాలో కథెడ్రల్ (బిషప్ పీఠమున్న పెద్ద చర్చి) కూలి, ప్రార్థనకు చేరిన జనం దాని కిందే పోయారు. పదుల సంఖ్యలో ఊళ్లు నేలమట్టమయ్యాయి. అప్పుడు సిసిలీ స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. వైస్రాయ్ పునర్నిర్మాణాన్ని కామాస్త్రా డ్యూక్ జుసెప్పె లాంజాకు అప్పగించి, తోడుగా కార్లోస్ దె గ్రూనెన్‌బర్గ్ అనే సైనిక ఇంజినీరును ఇచ్చాడు.

వాళ్లు ముందు తేల్చింది చర్చిల సంగతి కాదు, వీధుల సంగతి. సన్నటి సందుల్లో ఇళ్లు రెండు వైపుల నుంచీ మీద పడితే పారిపోవడానికి దారుండదు. అందుకని వెడల్పు వీధులు, మధ్యలో పెద్ద చౌకులు వేశారు. నోటో పాత ఊరిని కొండ మీద వదిలేసి సుమారు 8 కిలోమీటర్ల దూరాన కొత్త ఊరు కట్టారు. గ్రామ్మికేలే, ఆవొలా షట్కోణాకారంలో వేసిన ఊళ్లు. రగూసాలో మాత్రం జనం రెండుగా చీలారు. కొందరు పైన కొత్త ఊరికి వెళ్తే, మిగిలినవాళ్లు కదలమని పట్టుబట్టి పాత చోటే కట్టుకున్నారు. దాన్నే ఇప్పుడు రగూసా ఇబ్లా అంటారు. 2002లో ఈ ప్రాంతంలోని 8 పట్టణాలను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒకే భూకంపం, ఒకే ప్రభుత్వం, ఒకే శతాబ్దం. అయినా కతానియా నల్లగా ఉంటుంది, నోటో తేనెరంగులో ఉంటుంది.

కతానియా ఎట్నా అగ్నిపర్వతం కింద ఉన్న ఊరు. 1669లో లావా ఊరి దాకా వచ్చింది. ఆ గడ్డకట్టిన లావాయే వాళ్ల గని. గట్టి నల్లరాయి, ఉలికి లొంగదు. దానితో వీధులు పరిచారు, గోడలు కట్టారు, లావా పొడిని సున్నంలో ఇసుకకు బదులు కలిపారు. దాంతో గచ్చు కూడా ముదురు బూడిదరంగులో వచ్చింది. చెక్కడాలు కావలసిన చోట, అంటే కిటికీ చట్రాలకు, చూరు పట్టీలకు, తెల్ల సున్నపురాయి తెచ్చారు. నలుపు గోడ మీద తెల్ల అంచు అనే కతానియా ముద్ర ఇలా కుదిరింది. రోమ్‌లో నేర్చుకుని 1730 ప్రాంతంలో అక్కడ పనికి కుదిరిన జొవాన్ని బత్తిస్తా వక్కారిని దీన్ని గొప్పగా వాడుకున్నాడు. కథెడ్రల్ ముందు అతను పెట్టిన ఫౌంటెన్‌లో లావారాతి ఏనుగు తెల్లటి పీఠం మీద నిలబడి ఉంటుంది. ఊరి రంగులు రెండూ అందులోనే ఉన్నాయి.

నోటోలో దొరికేది మెత్తని సున్నపురాయి. గనిలోంచి తీసిన కొత్తలో చెక్కడానికి సులువు, గాలి తగిలాక పైపొర గట్టిపడుతుంది. అక్కడి మేస్త్రులు ఎంత చెక్కగలరో చూడాలంటే నికొలాచి ప్యాలెస్ బాల్కనీల కింద నిలబడి తల పైకెత్తండి.

(తెరపై నికొలాచి ప్యాలెస్ బాల్కనీ చిత్రం)

ఈ రెక్కల గుర్రాలు, సింహాలు, జలకన్యలు అలంకారం కోసం అతికించినవి కావు. బాల్కనీ బరువు మోస్తున్నవి ఇవే. ఒక్కో బ్రాకెట్ పొడవాటి రాయి. ముందు సగం బయట బొమ్మగా కనిపిస్తుంది, వెనక భాగం గోడలోకి దిగి ఉంటుంది. గోడలో ఉన్న తోక మీద పై గోడ బరువు పడుతుంది కాబట్టి ముందు భాగం కిందికి వాలదు. ఒక బ్రాకెట్ నుంచి ఇంకోదానికి రాతి పలకలు పరిచి, వాటి మీద ఇనుప కటకటాలు నిలిపారు. ఆ కటకటాలు నడుము దగ్గర ముందుకు ఉబ్బి ఉంటాయి. ఆ కాలపు ఆడవాళ్ల వెడల్పాటి పరికిణీలకు చోటు ఉండడానికి అలా వంచారని చెబుతారు.

పాడయ్యేది కూడా ఇక్కడే. కటకటం కాళ్లను రాతిలో గుంట తీసి, సీసం కరిగించి పోసి బిగిస్తారు. సీసం పగిలితే నీరు దిగుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి, అది రాయిని లోపలి నుంచి చీలుస్తుంది. రాయి ఒత్తిడిని బాగా ఓర్చుకుంటుంది గానీ లాగుడుకు తట్టుకోలేదు. బ్రాకెట్ పైభాగాన, గోడ పక్కన అడ్డంగా పగులు కనిపిస్తే ఆ బాల్కనీ మీదకు ఎవరినీ ఎక్కనివ్వకూడదు, ఎందుకంటే లాగుడు ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే.

రగూసా ఇబ్లాలోని శాన్ జోర్జో చర్చి నా దృష్టిలో ఈ ప్రాంతపు శిఖరం. రొసారియో గాల్యార్ది వేసిన నమూనా మీద 1739లో పని మొదలై 1775 దాకా సాగింది. రోమ్‌లో గంటలు ముఖభాగానికి రెండు పక్కల గోపురాల్లో ఉంటాయి, లేదా వెనక గుమ్మటం పక్కన ఉంటాయి. గాల్యార్ది గంటలను ముఖభాగం మధ్యలోనే, మూడో అంతస్తులో పెట్టాడు. ముఖభాగమే గోపురమైంది. మధ్య భాగం ముందుకు ఉబ్బుతుంది, దానికి అటూ ఇటూ మూడేసి స్తంభాలు గుత్తులుగా నిలుస్తాయి, పైకి పోయేకొద్దీ వెడల్పు తగ్గుతుంది. సిసిలీలో ముఖభాగం మీద గంటలు పెట్టే అలవాటు అంతకు ముందూ ఉంది. కానీ భూకంపం చూసిన ఊళ్లో దానికి ఇంకో విలువ వచ్చింది. విడిగా లేచిన సన్నటి గంటగోపురం ఊగినప్పుడు చర్చికి ఒక లయ, గోపురానికి ఒక లయ. రెండూ కలిసే చోట చీలిక వస్తుంది. అడుగున వెడల్పుగా, పైన సన్నగా, చర్చి గోడతో కలిపి కట్టిన గోపురానికి ఆ బాధ తక్కువ. ఇప్పుడు మనం చూసే 43 మీటర్ల గుమ్మటం మాత్రం తర్వాతిది, 1820లో కట్టింది.

ఇంత తెలిసిన ప్రాంతంలోనే 1996 మార్చి 13న నోటో కథెడ్రల్ కూలింది. కుడివైపు స్తంభాలు, మధ్యసాల (చర్చి నడుమనున్న పొడవాటి హాలు) కప్పు, గుమ్మటంలో చాలా భాగం పడిపోయాయి. ఆ వేళ లోపల ఎవరూ లేకపోవడంతో ప్రాణనష్టం జరగలేదు. భూకంపం వచ్చిన రోజు కాదది. మరి ఎందుకు కూలింది? దీని మీద కాస్త నిలబడదాం, ఎందుకంటే పాత రాతి కట్టడం చూసే ప్రతి ఇంజినీరుకూ ఇందులో పని ఉంది.

ఆ స్తంభాలు బయటికి చెక్కిన రాతితో, పైన గచ్చుతో నిండుగా కనిపించేవి. లోపల మాత్రం ఏటి గుండ్రాళ్లు, రాతి ముక్కలు, బలం లేని సున్నం. బయటి రాతి పొరను లోపలి నింపుడుతో కట్టిపడేసే అడ్డరాళ్లు చాలినన్ని లేవు. గుండ్రాయికి పట్టు తక్కువ, సున్నం అరిగేకొద్దీ జారుతుంది. ధాన్యం బస్తాను పైనుంచి నొక్కితే పక్కలకు ఉబ్బినట్టు, లోపలి నింపుడు బయటి పొరను నెడుతుంది. నింపుడు కుంగేకొద్దీ దాని వాటా బరువు కూడా బయటి పొర మీదే పడుతుంది. దాంతో నిలువు పగుళ్లు వస్తాయి. అడ్డంగానో ఏటవాలుగానో వచ్చే పగులు చాలాసార్లు పునాది కుంగుదల వల్ల గానీ కంపం వల్ల గానీ వస్తుంది. స్తంభం మీద సన్నటి నిలువు పగుళ్లు పక్కపక్కన చాలా కనిపిస్తే మాత్రం అది నలుగుతోందని అర్థం. నోటోలో ఆ పగుళ్లను మందపాటి గచ్చు కప్పేసింది.

దీని మీద ఇంకో బరువు పడింది. 1950ల్లో మధ్యసాల మీది చెక్క కప్పు తీసి కాంక్రీటు కప్పు వేశారు. చెక్క మీద నమ్మకం పోయి, కాంక్రీటు శాశ్వతమనుకున్న రోజులవి. ఆ తర్వాత 1990 డిసెంబర్ 13 భూకంపం ఉన్న పగుళ్లను పెంచింది. ఐదేళ్ల మీద మూడు నెలలకు, ఏ కుదుపూ లేకుండానే ఒక స్తంభం చేతులెత్తేస్తే మిగతావి వరసగా పోయాయి. నిలకడ బరువు కింద రాతికట్టు ఏళ్ల తరబడి మెల్లగా నలిగి ఒకనాడు హఠాత్తుగా పోవడమంటే ఇదే. తిరిగి కట్టేటప్పుడు నిలబడి ఉన్న ఎడమవైపు స్తంభాలను కూడా నమ్మకుండా విప్పి, సరైన కట్టుతో మళ్లీ కట్టారు. చర్చి 2007 జూన్‌లో తెరుచుకుంది.

గుమ్మటాల మాట వచ్చింది కాబట్టి ఒక్క సూత్రం. అర్ధగోళపు గుమ్మటంలో శిఖరం నుంచి సుమారు 52 డిగ్రీల దాకా రాళ్లు ఒకదాన్నొకటి అన్ని దిక్కులా నొక్కుకుంటాయి. అక్కడి నుంచి కిందికి చుట్టుకొలత వెంబడి లాగుడు మొదలవుతుంది, గుమ్మటం అడుగున విచ్చుకోవాలని చూస్తుంది. నిలువు పగుళ్లు ఎప్పుడూ కింది భాగంలో మొదలయ్యేది అందుకే. సుమారు 42 మీటర్ల లోపలి వ్యాసమున్న రోమ్ సెయింట్ పీటర్స్ గుమ్మటానికీ ఇదే జరిగింది. 1743లో జొవాన్ని పొలేని అనే గణితవేత్త గుమ్మటం ముక్కల బరువులకు సరిపడే 32 గుళ్లను దారానికి వేలాడదీశాడు. ఆ దారం పడ్డ వంపును తలకిందులు చేసి, బరువు నడిచే దారి గుమ్మటం మందంలోనే ఉందని చూపించాడు. అంటే కూలిపోదు, కానీ విచ్చుకోకుండా పట్టాలి. 1743-44లో ఐదు ఇనుప వలయాలు బిగించారు. పాత వలయం ఒకటి తెగి ఉందని తేలడంతో తర్వాత ఆరోది వేశారు. సిసిలీలోని చిన్న ఊళ్లకు అంత ఇనుము, అంత గణితం అందుబాటులో లేవు. నోటో గుమ్మటం 1780లో, 1848లో కూడా కూలిందన్న సంగతి ఇక్కడ కలిపి చూసుకోండి.

లెచ్చేకి వెళ్దాం. అక్కడి రాయి ఇంకా మెత్తన, సన్నటి రేణువు, లేత పసుపు. చెక్క కోసే రంపంతో కోయవచ్చు, చెక్కలా కడసాల పట్టవచ్చు. శాంత క్రోచె చర్చి 1549లో మొదలై 1695లో పూర్తయింది. కింది అంతస్తు గాబ్రియెలె రిక్కార్ది కాలపు రినైజాన్స్ క్రమశిక్షణ. పై అంతస్తుకు వచ్చేసరికి చేతికి లొంగే రాయి దొరికిన శిల్పుల సంబరం: పళ్లు, ఆకులు, మృగాలు, చంటిపిల్లలు, నడుమ పెద్ద గులాబీ కిటికీ. ఒక విషయం గమనించాలి. ఇంత చెక్కడం ఉన్నా గోడ మాత్రం చదును గోడే. రోమ్‌లోలా గోడ లోపలికీ బయటికీ వంగదు. రాయి లొంగింది కాబట్టి లెచ్చేలో బరోక్ అంతా గోడ పైపొరలో జరిగింది. కట్టడపు నేల నక్షా పెద్దగా మారలేదు.

ఆ ప్రాంతంలో పెద్ద దూలాలకు కలప తక్కువ. అందుకే మామూలు ఇళ్లకు కూడా రాతి కమాను కప్పులే వేశారు. కిందనుంచి చూస్తే నక్షత్రంలా కనిపించే ఈ కప్పు బరువు నాలుగు మూలల్లోకి దిగుతుంది. మధ్య గోడ మీద భారం తక్కువ కాబట్టి అక్కడ తలుపు తెరవవచ్చు. మూలలు మాత్రం బయటికి నెట్టుకుంటాయి. వరస ఇళ్లలో పక్కింటి కప్పు ఆ నెట్టుడును కాస్తుంది. మధ్య ఇల్లు పడగొట్టితే రెండు పక్కలా పగుళ్లు రావడానికి కారణం అదే.

ఈ రాతికి శత్రువు ఉప్పు. నేల చెమ్మతో పైకెక్కిన ఉప్పు, సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు రాతి రంధ్రాల్లో చేరి, నీరు ఆరినప్పుడు స్ఫటికాలుగా పెరిగి రేణువులను విడదీస్తాయి. రాయి తేనెపట్టులా గుంటలు పడుతుంది. కొన్ని రాళ్లు పక్కవాటి కంటే ముందే పోతాయి. చాలాసార్లు అవి గనిలో పడుకున్న దిక్కున కాక నిలువుగా పేర్చిన రాళ్లు. పొర ముఖం బయటికి వస్తే పలకలు పలకలుగా రాలుతుంది.

ఇటలీ ఉత్తరాన టురిన్‌లో కథ వేరు. మైదానంలో బంకమట్టి దొరుకుతుంది కాబట్టి గ్వరీనో గ్వరీని 1679లో మొదలుపెట్టిన కరిన్యానో ప్యాలెస్‌కు ఇటుకే శరీరం, ఇటుకే అలంకారం. ఇటుకను చెక్కలేరు, అచ్చు పోయగలరు. అందుకే అక్కడ ఒకే నక్షత్రం గోడంతా మళ్లీ మళ్లీ వస్తుంది. జర్మనీలోని బవేరియాలో వీస్ చర్చి (1745-54) కప్పు చూడటానికి రాతి కమాను, నిజానికి పైకప్పు కలప చట్రానికి వేలాడే చెక్కపట్టీల మీద పూసిన గచ్చు. తేలిక కాబట్టి గోడలు సన్నగా, కిటికీలు పెద్దగా పెట్టగలిగారు. పెంకు కదిలి నీరు దిగితే ముందు పట్టీ కుళ్లుతుంది, తర్వాత బొమ్మ వేసిన గచ్చు ఊడిపడుతుంది.

ఇప్పుడు గోవా. పాత గోవాలోని బోమ్ జీసస్ చర్చి 1594లో మొదలై 1605లో ప్రతిష్ఠ జరుపుకుంది. మన చార్మినార్ 1591 నాటిది, అంటే దాదాపు ఒకే సమయం. బోమ్ జీసస్ ముఖభాగంలో అర్ధస్తంభాలు, వాటి క్రమం అన్నీ ఐరోపా పుస్తకంలోవే. రాయి మాత్రం ఎర్ర లాటరైట్. స్థానికంగా కోసి తీసే రాయి, రంధ్రాలతో, రంధ్రాల్లో బంకమట్టితో ఉంటుంది. సన్నటి అంచు నిలవదు. అందుకని చెక్కడం కావలసిన చోట ముంబై దగ్గరి వసై వైపు నుంచి నల్లరాయి తెచ్చారు. కతానియాలో చెక్కలేని రాయి నల్లది, చెక్కడానికి తెచ్చింది తెల్లది. గోవాలో నల్లరాయినే చెక్కడానికి తెచ్చారు.

గోవాలో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. లాటరైట్ గోడను ఆ వానకు వదిలేసే ఉద్దేశం కట్టినవాళ్లకు లేదు. పైన సున్నపు గచ్చు, ఏటేటా వెల్ల. గోవా చర్చిలు తెల్లగా మెరవడం అవసరం కొద్దీ వచ్చిన అందం. 1950ల్లో పురాతనంగా కనిపించాలని బోమ్ జీసస్ గచ్చును గీకేశారు. ఇవాళ పర్యాటకులు ఫొటో తీసుకునే ఎర్ర చర్చి అలా వచ్చింది, ఆ చర్చిని కట్టినవాళ్లు దాన్ని అలా చూడలేదు. అప్పటి నుంచి వాన నేరుగా రాతిలోకి దిగుతోంది, రంధ్రాల్లో మట్టి కొట్టుకుపోతోంది, అంచులు గుండ్రమవుతున్నాయి. ఎర్ర రూపానికి జనం అలవాటు పడ్డారని గచ్చు వేయవద్దనేవాళ్లు ఉన్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. రాయి ఉంటేనే కదా రూపం ఉండేది.

కప్పును వదిలేస్తే ఏమవుతుందో పక్కనే ఉంది. సెయింట్ అగస్టీన్ చర్చిని 1835లో ఖాళీ చేయించారు. 1842లోనే కమాను కప్పు కూలింది, 1931లో ముఖభాగం, గోపురంలో సగం పడిపోయాయి. మిగిలింది సుమారు 46 మీటర్ల గోపురపు ముక్క. శత్రువు ఫిరంగులేం రాలేదు. కప్పు మీద మొలిచిన మొక్కను పీకే మనిషి లేడంతే.

సభలోంచి ఒక చీటీ వచ్చింది: ఇన్ని తిప్పలెందుకు, సిమెంటు పూస్తే సరిపోదా అని. సరిపోదు. లాటరైట్ లాంటి గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. సున్నపు గచ్చు ఆ చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. చెమ్మ సిమెంటు వెనక చేరి, ఉప్పు అక్కడే గడ్డకట్టి, సిమెంటు పలక రాతి పొరతో సహా ఊడి వస్తుంది. సున్నం వేసే పద్ధతి మన డంగు సున్నం మేస్త్రులకు కొత్త కాదు. నీళ్లు పోసి విరిచిన సున్నాన్ని నీళ్లలో కనీసం కొన్ని వారాలు మగ్గనివ్వాలి. మగ్గని గుళిక గోడ మీద విచ్చుకుని గచ్చును పేలుస్తుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు కడిగిన పదునైన ఇసుక, సముద్రపు ఇసుక పనికిరాదు. గోడను ముందురోజు నుంచే తడపాలి, లేకపోతే రాయి సున్నంలోని నీటిని లాగేసుకుని గచ్చు పిండిలా రాలుతుంది. పొర 10-12 మిల్లీమీటర్లు దాటకూడదు, రెండో పొర వేయడానికి మొదటిది బిగిసేదాకా ఆగాలి. ఎండ తగలకుండా తడి గోనెలు కట్టాలి. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, దానికి చెమ్మ కావాలి, సమయం కావాలి. కాబట్టి గోవాలో ఈ పని వానలు వెనకబట్టిన తర్వాత, అక్టోబర్ చివర మొదలుపెట్టి ఎండలు ముదిరేలోపు ముగించాలి. ఏప్రిల్‌లో మొదలుపెట్టిన గచ్చు గట్టిపడకముందే జూన్ వాన మీద పడుతుంది.